ఊక నుండి గ్రాఫీన్ నురగ దాకా: ఒక పదార్థ చరిత్ర

సూర్యాపేట నుండి కోదాడ మీదుగా మిర్యాలగూడ వెళ్లేవారికి వరిపొలాల మధ్య రైస్ మిల్లులు కనిపిస్తాయి. మిల్లు వెనుక ఊక కుప్ప, పొగగొట్టం, గాలికి లేచే బూడిద. ఆ ఊకకూ, గ్రాఫీన్ అనే పదార్థానికీ గల సంబంధాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. ముందుగా కాలువతో మొదలుపెట్టాలి.

నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ పేరు పెట్టిన ఎడమ కాలువ కింద జొన్న, ఆముదం పండిన భూముల్లోకి వరి వచ్చింది. వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యానికి పేరు తెచ్చుకుంది. ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి మరపట్టాలి. ఆ ఆవిరి కోసం బాయిలర్‌లో ఊకనే కాలుస్తారు. వడ్ల బరువులో ఊక సుమారు ఐదో వంతు. కాల్చిన ఊకలో మళ్లీ ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో అధికభాగం సిలికా. కార్బన్ చాలావరకు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. మన కథ ఆ కార్బన్ గురించే.

తాను ఖర్చు కాకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారని మీకు తెలుసు. ఈ ప్రక్రియకు 1835లో బెర్జీలియస్ పేరు పెట్టాడు. ఘన ఉత్ప్రేరకం పని చేసేది తన ఉపరితలం మీదనే. లోపలి పరమాణువులు ఊరికే కూర్చుంటాయి. అందుకే ప్లాటినం వంటి ఖరీదైన లోహాలను సన్నని రేణువులుగా చేసి, రంధ్రాలున్న కార్బన్ మీద పరచడం రసాయన శాస్త్రజ్ఞులు అలవాటు చేసుకున్నారు.

గ్రాఫైట్ పొరలను విడదీసే ప్రయత్నాలు పాతవే. 1859లో బ్రోడీ గ్రాఫైట్‌ను ఆక్సీకరించాడు. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ అంతకంటె సులువైన పద్ధతి చూపారు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ అంటుకునే టేపుతో ఒకే పరమాణువు మందం గల పొరను వేరుచేసి అధ్యయనం చేశారు. 2010లో వారికి నోబెల్ బహుమతి లభించింది. పాఠ్యపుస్తకాలన్నీ ఈ టేపు కథ దగ్గరే ఆగిపోతాయి. ఉత్ప్రేరణ విషయంలో అసలు మలుపు ఆ తరువాతిదని నా అభిప్రాయం.

ఎందుకంటే, ఒక గ్రాము గ్రాఫీన్ ఉపరితలం సిద్ధాంతరీత్యా 2630 చదరపు మీటర్లు. మన లెక్కలో 26 గుంటలు! కాని పొడిగా చేసినప్పుడు ఈ పొరలు తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. చర్యలో పాల్గొనే అణువులకు లోపలికి దారి ఉండదు. గుంటలన్నీ కాగితం మీదనే మిగులుతాయి.

దీనికి పరిష్కారం పొరలను త్రిమితీయ నిర్మాణంగా నిలబెట్టడం. 2010లో చైనాలోని గావ్‌చువాన్ షీ బృందం గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రావణాన్ని మూసిన పాత్రలో 180 డిగ్రీల వద్ద వేడిచేసి, పొరలు వాటంతటవే అల్లుకున్న జెల్‌ను పొందింది. అందులో 97 శాతానికి పైగా నీరే. 2011లో షెన్‌యాంగ్‌లో హుయ్-మింగ్ చెంగ్ బృందం మరో దారి పట్టింది. నికెల్ నురగ మీద మీథేన్ నుండి గ్రాఫీన్‌ను పెంచి, నికెల్‌ను ఆమ్లంతో కరిగించింది. మిగిలిన నురగలో 99.7 శాతం ఖాళీయే. మైనపు అచ్చుపోసి, మైనాన్ని కరిగించే మన కంచుపనివారికి ఈ ఉపాయం కొత్తగా తోచదు. 2012లో జర్మనీలోని మైంజ్‌లో, నైట్రోజన్ చేర్చిన త్రిమితీయ గ్రాఫీన్ మీద ఐరన్ ఆక్సైడ్ రేణువులను నిలిపి, ఇంధన ఘటాల్లో ఆక్సిజన్ క్షయకరణానికి ఉత్ప్రేరకంగా పరీక్షించారు. సాధారణంగా ఆ పనికి ప్లాటినం కావాలి.

ఇక ఊక దగ్గరకు వద్దాం. 2014లో జపాన్‌లోని పరిశోధకులు వరి ఊకను బొగ్గుగా మార్చి, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసి, నీటితో కడిగి, గ్రాఫీన్ పొందినట్లు ప్రచురించారు. క్షారం రెండు పనులు చేస్తుంది: సిలికాను కరిగిస్తుంది, కార్బన్‌లో రంధ్రాలు తొలుస్తుంది. అయితే ఊక నుండి వచ్చిన ప్రతి నల్లపొడీ గ్రాఫీన్ కాదు. చాలావరకు అది ఉత్తేజిత కార్బనే; తేడా తేల్చడానికి రామన్ వర్ణపటం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరం. ప్రకటన చూసి పెట్టుబడి పెట్టే మిల్లు యజమానికి ఈ తేడా లక్షల రూపాయల తేడా. పైగా కడిగిన క్షారజలాన్ని శుద్ధి చేయకుండా వరిమడిలోకి వదలకూడదు.

అభ్యాసం: 100 కిలోల వడ్ల నుండి 20 కిలోల ఊక వస్తుంది. అందులో కార్బన్ మూలకం సుమారు 7 నుండి 8 కిలోలు. బొగ్గుగా మార్చేటప్పుడు కొంత, క్షారంతో వేడిచేసేటప్పుడు మరికొంత పోతుంది. ఊకను ఇందుకు మళ్లిస్తే ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్‌లో దేనిని కాల్చాలి? మీకు దగ్గరలోని మిల్లులో రోజుకు ఎంత ఊక కాలుస్తారో, ఎంత మిగులుతుందో అడిగి తెలుసుకొని, ఒక పేజీకి మించకుండా జవాబు రాయండి.