మామూ బుల్లెట్‌కు రెండు ఇంజిన్లు



కర్నూల్లో మా మామూ ఇంటి మెట్ల కింద ఒక గోనెసంచి ఉండేది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ దాని వెనక నక్కేవాళ్ళం. నూనె వాసన గుప్పుమనేది. "దాని జోలికి పోకండ్రా, అది నా బండి గుండె" అనేవాడు మామూ. మాకు అర్థమయ్యేది కాదు. ఆయన బండి గుమ్మం ముందే ఢగ్‌ఢగ్‌మంటూ తిరుగుతుంటే దాని గుండె సంచిలో ఎందుకుంటుంది?

జవాబు చాలా ఏళ్ళకు దొరికింది. ఆ బండి 1970ల నాటి 350 సీసీ పెట్రోలు బుల్లెట్. 1991లో దానికి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. సంచిలో పడుకున్నది అసలు పెట్రోలు ఇంజిన్. మామూ ఇంతెఖాల్ అయ్యాక ఆయన కొడుకూ నేనూ ఆ రెండు ఇంజిన్లనూ అరుగు మీద పక్కపక్కన పెట్టి కూర్చున్నాం. ఈ వ్యాసం అక్కడ పుట్టింది. ఇలాంటి బళ్ళ తారీఖ్ కంపెనీల కేటలాగుల్లో ఉండదు. షెడ్లలో, ఉస్తాద్‌ల చేతుల్లో, మన ఇళ్ళ మెట్ల కింద ఉంటుంది.

షెడ్డు భాష

ముందు ఒక చిన్న మాట. మరమ్మతు, కారఖానా, పుర్జా, పేచ్‌కస్, ఉస్తాద్ అనే మాటలు ఉర్దూ గుండా మన షెడ్లకు చేరాయి. పేచ్ అంటే మర, కష్ అంటే లాగేది. మరను లాగేది కాబట్టి పేచ్‌కస్. లేత్‌మిషన్‌ను పాతతరం మిస్త్రీలు ఖరాద్ అనేవాళ్ళు. షాగిర్ద్ ముందు కిరసనాయిలు ట్రేలో పుర్జాలు కడగాలి, తర్వాత పానాలు అందించాలి, ఆ తర్వాతే పేచ్‌కస్ పట్టాలి. పుస్తకం లేని ఈ మదర్సాలోనే మన కుటుంబాల్లో ఎంతోమంది హునర్ నేర్చుకున్నారు, ఆ హునర్‌తోనే హలాల్ కమాయి తిన్నారు.

విడదీయగలిగిన బండి

ఇంజిన్ మార్పిడి అన్ని బళ్ళకూ కుదరదు. బుల్లెట్‌కు ఎందుకు కుదిరిందో చూద్దాం.

ఇంగ్లండ్‌లోని రెడిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకి అక్కడి నుంచి బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. కొంతకాలానికి రెడిచ్ కారఖానా మూతపడింది. మద్రాసులో మాత్రం పాత నమూనా బుల్లెట్ పెద్ద మార్పులేమీ లేకుండా దశాబ్దాలపాటు తయారవుతూనే ఉంది.

ఆ పాత నమూనాలో ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. రెండూ విడివిడి డబ్బాలు. ఎడమవైపు ఒక ప్రైమరీ చెయిన్ ఇంజిన్ బలాన్ని క్లచ్‌కు అందిస్తుంది. క్లచ్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, కిక్ కూడా గేర్‌బాక్స్‌కే ఉంటుంది. కాబట్టి ఇంజిన్‌ను దించేసినా క్లచ్, గేర్లు, కిక్ అన్నీ బండిలోనే మిగులుతాయి. కొత్త ఇంజిన్‌కు ఆ చెయిన్‌ను సరిగ్గా కలపగలిగితే సగం పని అయినట్టే. 2008-09 ప్రాంతంలో ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే ముద్దగా పోతపోసిన కొత్తరకం వచ్చాక ఆ తలుపు మూసుకుపోయింది.

ఇంగ్లండ్‌లో వేగం కోసం

ఈ పని మనవాళ్ళే మొదలుపెట్టారనుకోవద్దు. 1950లలో ఇంగ్లండ్ కుర్రాళ్ళు ఇదే చేశారు. అక్కడ నార్టన్ కంపెనీకి ఒక మేలైన ఫ్రేము ఉండేది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ దాన్ని రూపొందించాడు. 1950లో అది పందేల్లోకి దిగింది. మలుపుల్లో ఎంత హాయిగా నడిచేదంటే దానికి ఫెదర్‌బెడ్, అంటే ఈకల పరుపు అని పేరొచ్చింది. ఆ రోజుల్లో చిన్న రేసుకార్లు కట్టేవాళ్ళకు నార్టన్ ఇంజిన్ కావాల్సివచ్చేది. కంపెనీ ఇంజిన్ విడిగా అమ్మేది కాదు. వాళ్ళు బండి మొత్తం కొని, ఇంజిన్ పీకేసుకుని, ఫ్రేమును పక్కన పడేసేవాళ్ళు. ఆ ఖాళీ ఫ్రేముల్లో కుర్రాళ్ళు ట్రయంఫ్ కంపెనీ జంట సిలిండర్ల ఇంజిన్ కూర్చోబెట్టారు. ట్రయంఫ్, నార్టన్ కలిసి ట్రైటన్ అయింది. ఇంటి వెనక షెడ్లలో పుట్టిన ఈ సంకర జాతి బండే 1965లో బార్సిలోనా 24 గంటల పందెం గెలిచింది.

అక్కడా కీలకం ఇదే. ట్రయంఫ్ ఇంజిన్, గేర్‌బాక్స్ అప్పటికి విడివిడిగా ఉండేవి. మందపాటి ప్లేట్లు కోసి, బోల్టులు బిగించి కలిపేవాళ్ళు.

ఇక్కడ పొదుపు కోసం

ఇంగ్లండ్ కుర్రాళ్ళకు వేగం కావాలి. మన మామూలకు కావాల్సింది బర్కత్. మా మామూ బట్టల వ్యాపారి. నందికొట్కూరు, ఆత్మకూరు, వెల్దుర్తి సంతలకు బుల్లెట్ వెనక మూటలు కట్టుకుని తిరిగేవాడు. పెట్రోలు బుల్లెట్ లీటరుకు ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్లిచ్చేది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. పెట్రోలు ధర ఎగిరింది. సంతలో మిగిలిన లాభం బంకులో పోసి వచ్చే పరిస్థితి. అప్పుడు డీజిల్ ధర పెట్రోలులో సగం కూడా ఉండేది కాదు. పైగా చిన్న డీజిల్ ఇంజిన్ లీటరుకు డెబ్భై కిలోమీటర్లు దాటించేది. అంటే ఒకే ఖర్చుతో నాలుగింతలకు మించిన దూరం! ఈ లెక్క ముందు ఏ కంపెనీ మాటా నిలవలేదు.

పంజాబ్ నుంచి దక్షిణాది దాకా ఉస్తాద్‌లు ఇదే లెక్క వేశారు. పంపుసెట్లకు, మూడు చక్రాల బళ్ళకు వాడే గ్రీవ్స్ లొంబార్దీనీ ఇంజిన్లను బుల్లెట్లకు ఎక్కించారు. ఇటలీ కంపెనీ లొంబార్దీనీ నమూనాను మన దేశంలో గ్రీవ్స్ తయారుచేసేది. షెడ్లలో ఈ పని నడుస్తుంటే కంపెనీ చూస్తూ ఊరుకోలేదు. 1990ల మొదట్లో ఎన్‌ఫీల్డ్ తానే టారస్ పేరుతో డీజిల్ బుల్లెట్ అమ్మింది. 325 సీసీ, 6.5 హార్స్‌పవర్, పరుగు గంటకు 65 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేది. పెట్రోలు బుల్లెట్ 18 హార్స్‌పవర్ ముందు ఇది ముసలి ఎద్దు. కానీ ముసలి ఎద్దు మేత తక్కువ తింటుంది. కాలుష్య నిబంధనలు గట్టిపడ్డాక, 2000 దాటిన కొద్దికాలానికే ఆ బండి ఆగిపోయింది. 2010లో పెట్రోలు ధర, 2014లో డీజిల్ ధర ప్రభుత్వ అదుపు నుంచి బయటికొచ్చాయి. రెండింటి మధ్య తేడా తగ్గింది. దాంతో ఆ లెక్క కూడా చెదిరిపోయింది.

ఉస్తాద్ ఏం చేశాడు

మామూ బండికి ఇంజిన్ మార్చిన ఉస్తాద్ మా వీధి చివర షెడ్డు ఆయనే. పని మాత్రం మామూ ఇంటి అరుగు మీదే జరిగింది, అయిదు జుమ్మాల పాటు. అప్పుడు మామూ దగ్గర షెడ్డు కిరాయికి డబ్బు లేదు. చాయ్, భోజనం మా ముమానీ పెట్టేది.

మొదట చూసేది ఇంజిన్ ఏ వైపు తిరుగుతుందని. ఎదురు తిరిగే ఇంజిన్ ఎక్కిస్తే బండి నాలుగు గేర్లలోనూ వెనక్కే పోతుంది. రెండోది చెయిన్ వరస. ఇంజిన్ పళ్ళచక్రం, క్లచ్ పళ్ళచక్రం ఒకే గీతలో ఉండాలి. ఉస్తాద్ దారం పట్టి చూశాడట. వెంట్రుకవాసి తేడా ఉన్నా చెయిన్ తెగి కేసు పగులుతుంది. మూడోది పళ్ళ సంఖ్య. పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 5,600 చుట్లు తిరిగితే డీజిల్ 3,600 దగ్గర ఆగుతుంది. అందుకే ముందు పళ్ళచక్రం పెద్దది వేయాలి, లేకపోతే బండి సైకిల్ వెనక పడుతుంది. కార్బురేటర్ పోయి దాని చోట ఇంజెక్షన్ పంపు వచ్చింది. ఇంజెక్టర్ దగ్గర మిగిలిన డీజిల్ మళ్ళీ ట్యాంకులోకి పోవడానికి ఇంకో సన్నని గొట్టం పెట్టారు. స్పార్క్ ప్లగ్ లేదు కాబట్టి తాళం తిప్పితే బండి ఆగదు. ఆపడానికి ఒక లివర్ పెట్టారు.

అసలు కష్టం బిగింపు. బుల్లెట్ ఫ్రేముకు కింద గొట్టం ఉండదు. ముందు గొట్టానికీ గేర్‌బాక్స్ ప్లేట్లకూ మధ్య ఇంజినే వంతెన. ఇంజిన్ తీస్తే ఫ్రేము నోరు తెరుచుకుంటుంది. కొందరు ముందు గొట్టాన్ని రంపంతో కోసి, వంచి, వెల్డింగ్ పెట్టేవాళ్ళు. మా వీధి ఉస్తాద్ అలా చేయలేదు. మందపాటి ఇనుప ప్లేట్లు కోయించి, ఫ్రేముకు ముందే ఉన్న బెజ్జాల్లోనే బోల్టులు బిగించాడు. ఫ్రేముకు రంపం తగల్లేదు. వెల్డింగ్ చుక్క పడలేదు.

అది మేము ముప్ఫై ఏళ్ళ తర్వాత, ప్లేట్లు విప్పినప్పుడే చూశాం.

చేసిన తప్పు

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. మామూ ఆర్సీలో ఇంజిన్ మార్పు రాయించలేదు. "ఇంజన్ బదల్యా, గాడీ తో వహీచ్ హై నా!" అనేవాడు. 2003లో లారీ తగిలి బండి ముందుభాగం నలిగింది, మామూ కాలు విరిగింది. బండికి బీమా ఉంది. పరిశీలనకు వచ్చినవాళ్ళు ఆర్సీలో నంబరు, ఇంజిన్ మీద నంబరు చూసి దరఖాస్తు తిప్పిపంపారు. వాళ్ళను అనేదేం లేదు, తప్పు మాదే. ఆ ఏడాది ముమానీ గాజులు అమ్మి బండి బాగుచేయించుకున్నారు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. హునర్ ఎంత గొప్పదైనా కాగజ్ లేకపోతే అది రోడ్డు మీద నేరంగానే లెక్క. ఆర్టీవో గడప తొక్కకుండా ఇంజిన్ మార్చొద్దు. ఇది మా ఇంటి గాజుల ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం.

మళ్ళీ అరుగు మీద

మామూ పోయాక ఇంట్లో మాటలు నడిచాయి. పాత ఇనుముకు వేసేద్దామన్నారు ఒకరు. డీజిల్‌తోనే ఉంచుదామన్నారు ఇంకొకరు. ముమానీ మెట్ల కిందికి చూపించింది. సంచి విప్పి ఇంజిన్ మీద నంబరు తుడిచాం. ఆర్సీలో ఉన్న నంబరే! ఫ్రేముకు రంపం తగలలేదు కాబట్టి తిరిగి వెళ్ళే దారి తెరిచే ఉంది. ఉస్తాద్ అమానత్‌గా ఉంచిపోయిన దారి అది.

పిస్టన్ పట్టేసి ఉంది. సిలిండర్‌లో డీజిల్ పోసి వారం నానబెట్టి, చెక్కముక్క అడ్డుపెట్టి మెల్లగా తట్టి తీశాం. సిలిండర్‌ను లేత్ షాపులో రీబోర్ చేయించి, కొలతకు తగిన పెద్ద పిస్టన్, రింగులు వేశాం. కాంటాక్ట్ పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. టాపెట్లకు కొలత కన్నా వేళ్ళే ప్రమాణం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటు రాసి డాల్డా డబ్బాల్లో వేశాం. ట్యాంకులో డీజిల్ అడుగంటా కడగడానికే రెండు రోజులు పట్టింది. పాత నైలాన్ చీరలు గుడ్డపీలికలకు పనికిరావు, నూనె పీల్చవు. ముమానీ తన నూలు చీర చించి ఇచ్చింది.

మామూలాగే మేమూ జుమ్మా నమాజ్ తర్వాతే కూర్చునేవాళ్ళం. అయిదు కాదు, పదకొండు జుమ్మాలు పట్టింది. మేము ఉస్తాద్‌లం కాదు మరి.

కిక్ కొట్టగానే బండి పలకలేదు. పదోసారికో పన్నెండోసారికో పలికింది. ఢగ్‌ఢగ్ పోయి దబ్ దబ్ దబ్ వచ్చింది. తలుపు దగ్గర నిల్చున్న ముమానీ, "ఇది మా నికా నాటి చప్పుడు" అంది. 1991 తర్వాత ఆ చప్పుడు ఆ వీధిలో వినబడలేదు.

బండి ఇప్పుడు ఆర్సీలో ఉన్న ఇంజిన్‌తోనే ఉంది. డీజిల్ ఇంజిన్‌ను మాత్రం ఇనుముకు వేయలేదు. గ్రీజు పూసి, ఉస్తాద్ కోయించిన ప్లేట్లతో సహా అదే గోనెసంచిలో, అదే మెట్ల కింద పెట్టాం. మూడు వందల సంతల సంపాదన దాని మీద నడిచింది. అది కూడా ఆ బండి గుండే.

ఇంగ్లండ్‌లో ట్రైటన్‌ల గురించి పుస్తకాలున్నాయి, వాటిని అపురూపంగా దాచుకునేవాళ్ళున్నారు. మన డీజిల్ బుల్లెట్లు కట్టిన ఉస్తాద్‌ల పేర్లు ఎవరు రాస్తారు? మా వీధి ఉస్తాద్ ఇప్పుడు లేడు. ఎన్ని పళ్ళ చక్రం వేశాడో, ప్లేటు మందం ఎందుకు అంతే పెట్టాడో అడగడానికి ఎవరూ లేరు. మేము విప్పి కొలిచి, ఒక నోట్‌బుక్‌లో బొమ్మలతో రాసుకున్నాం. మీ ఇంట్లో, మీ మొహల్లాలో అలాంటి చేతులు ఇంకా ఉంటే ఈ జుమ్మాకే వెళ్ళి పక్కన కూర్చోండి. ఒక కాగితం, పెన్సిల్ పట్టుకుని వెళ్ళండి.