తెలుగు క్రైస్తవ కీర్తన

యూదుల దేవాలయంలో పుట్టిన స్తుతిగీతం తెలుగు నేలకు చేరి పల్లవిని, చరణాలను, రాగతాళాలను తొడుక్కున్న రూపమే తెలుగు క్రైస్తవ కీర్తన. ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలామంది చేతిలో ఉండే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం దీనికి ముఖ్యమైన భాండాగారం. కోస్తాలో మొదలైన ఈ పాట తెలంగాణలో వేళ్లూనిన చోట్లలో పాత మెదక్ జిల్లా ఒకటి. తెల్లాపూర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, జహీరాబాద్ 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాలోకి వచ్చేదాకా ఆ జిల్లాలోవే. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఇప్పటికీ ఈ ప్రాంతాన్ని మెదక్ అధ్యక్ష మండలం అనే పిలుస్తోంది.

యెరూషలేము నుంచి

హీబ్రూ బైబిలులో 150 కీర్తనలున్నాయి. హీబ్రూలో ఆ గ్రంథం పేరు ‘తెహిల్లిం’, అంటే స్తుతులు. మోషే ధర్మశాస్త్రానికి అయిదు కాండాలున్నట్టే దీన్నీ అయిదు స్కంధాలుగా విభజించారు. 73 కీర్తనల తలమీద దావీదు పేరుంటుంది. ఆసాపు, కోరహు కుమారులు వంటి గాయక కుటుంబాల పేర్లూ కనిపిస్తాయి. 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేను చిన్న పాటలను తెలుగు బైబిలు ‘యాత్రకీర్తనలు’ అంటుంది. పండుగలకు యెరూషలేము కొండ ఎక్కే భక్తులు పాడుకున్నవిగా వాటికి పేరు. 113 నుంచి 118 దాకా ఉన్నవి ‘హల్లేల్’, పస్కా పండుగ పాటలు. యేసు, శిష్యులు కడపటి భోజనం ముగించి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి సువార్త చెబుతుంది. ఆ రాత్రి పాడింది హల్లేల్‌లోని చివరి భాగమే అయివుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం.

దేవాలయంలో పాడటం లేవీయుల వృత్తి. తంత్రీవాద్యాలు, తాళాలు, బూరలు వారి చేతుల్లో ఉండేవి. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చాక ఆ మేళం ఆగిపోయింది. ఆ దుఃఖానికి గుర్తుగా సమాజమందిరాల ఆరాధనలో యూదులు వాద్యాలను విడిచిపెట్టారు. గొంతు మాత్రం మిగిలింది. శతాబ్దాల పాటు కీర్తనల గ్రంథాన్ని కాపాడింది ఆ గొంతే.

హీబ్రూ కవిత్వానికి ప్రాస ప్రాణం కాదు. ఒక పాదంలో చెప్పిన భావాన్ని రెండో పాదం మరో మాటలో తిరిగి చెబుతుంది, లేదా ఇంకో మెట్టు ఎక్కిస్తుంది, లేదా ఎదురు పెడుతుంది. శబ్దానికి కాక భావానికి వేసిన ప్రాస అది. శబ్ద సౌందర్యం అనువాదంలో రాలిపోతుంది గాని ఈ జంట నడక ఏ భాషలోకి వెళ్లినా నిలుస్తుంది. తెలుగు బైబిలును గట్టిగా చదివితే, అది వచనమని తెలిసినా, చెవికి పాటలా తోచేది అందువల్లే. తెలుగు అనువాదకులు మరో మంచి పని చేశారు. 150వ కీర్తనలోని వాద్యాల వరుసకు వాళ్లు వాడిన పేర్లు స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి. హీబ్రూ పేర్లను మక్కికి మక్కి దించివుంటే దావీదు మనకు పరాయివాడుగానే ఉండేవాడు.

క్రైస్తవ సంఘం ఈ పుస్తకాన్ని అలాగే అందిపుచ్చుకుంది. సుమారు క్రీ.శ. 112లో రోమన్ గవర్నరు ప్లీనీ చక్రవర్తి ట్రాజన్‌కు లేఖ రాస్తూ, వీళ్లు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడుకుంటారని తెలిపాడు. నాలుగో శతాబ్దిలో మిలాను బిషప్ ఆంబ్రోస్, 1524లో మొదటి పాటల పుస్తకాలు తెచ్చిన లూథర్, 1719లో దావీదు కీర్తనలను క్రీస్తు పరంగా తిరగరాసిన ఐజాక్ వాట్స్, ఆరు వేలకు పైగా పాటలు రాసిన చార్లెస్ వెస్లీ ఈ దారిలో పెద్ద మజిలీలు. మన కథకు వీరిలో వెస్లీ ముఖ్యుడు, ఎందుకంటే మెదక్‌కు వచ్చింది వెస్లియన్ మిషనే.

తెలుగు గొంతు దొరికిన తీరు

జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసు చేరి, 1732 నాటికి బైబిలును తెలుగులోకి దించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. అదే శతాబ్దంలో కేథలిక్కుల వైపు మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యం రాశాడు. అది పండితుల పీటకు చేరింది గాని సంఘం నోటికి కాదు. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో దిగారు, 1818లో శ్రీరాంపురంలో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అయినా పాడుకోవడానికి పాట కావాలి.

మిషనరీలకు తెలిసిన పాట ఇంగ్లీషు వరసలది. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరాల పాదాలు, వాటిలో ఊనిక పడే చోట్లు ముందే నిర్ణయమై ఉంటాయి. తెలుగుకు ఆ ఊనిక లేదు. మన నడక గురులఘువులది, మాత్రలది. ఇంగ్లీషు వరసలో పొడుగు స్వరం హ్రస్వాక్షరం మీద పడితే మాట అర్థమే మారుతుంది: ‘పిత’ను సాగదీస్తే ‘పీత’ అవుతుంది. దేవుణ్ని పిలిచే మాటకే ఈ గతి పడితే పాడేవారి భక్తి ఎంత నలిగిపోయి ఉంటుందో ఊహించవచ్చు. అనువాద గీతాలు తర్వాత చాలా మెరుగుపడ్డాయి, కొన్ని ఎంతో అందంగానూ కుదిరాయి. కానీ తెలుగువాడి గుండె తెరుచుకున్నది వేరే చోట.

పర్లాకిమిడి జమీనులోని ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) ముప్పయ్యో ఏట క్రైస్తవుడయ్యాడు. ఆయనకు తెలుగు కావ్యమూ కీర్తనా రెండూ తెలుసు. వందకు పైగా కీర్తనలు కట్టాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, యతిప్రాసలు, రాగం, తాళం అన్నీ మన వాగ్గేయకారుల కొలతలోనే ఉంటాయి. వేడుకోలు, ఆత్మనింద, శరణాగతి ఆయన పాటలకు ప్రాణం. రామదాసు, త్యాగరాజు పాటలు విన్న చెవికి ఆ గొంతు కొత్తగా అనిపించదు. దావీదు 103వ కీర్తనను ఆయన తెలుగు కీర్తనగా మలిచిన తీరులో హీబ్రూ భావాల జంట నడక, తెలుగు ప్రాస ఒకే పల్లకీ మోస్తాయి. తెలుగు క్రైస్తవ్యం పరదేశపు మతంగా మిగిలిపోకుండా చేసిన పనిలో, నా ఉద్దేశంలో, ఏ మిషనరీ సంస్థ పనికంటే ఈ ఒక్క మనిషి పాటల పని ఎక్కువ.

ఆయన తర్వాత విశాఖలో పులిపాక జగన్నాథం, ఇంకా పంతగాని పరదేశి, చెట్టి భానుమూర్తి, ఎ.బి. మాసిలామణి వంటి వారు ఆ వరుసను పెంచారు. లూథరన్లు, బాప్టిస్టులు, ఆంగ్లికన్లు సిద్ధాంతాల దగ్గర విడిపోయినా పాటల పుస్తకం దగ్గర కలిశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే తెలుగు ఇంటి పాటల తీరులన్నీ వరుసగా కనిపిస్తాయి: పొద్దున పాడుకునేవి, బాలయేసుకు లాలి, పెండ్లి పాటలు, సమాధి దగ్గర పాడేవి, చివర మంగళం. మంగళం పాడి ముగించే పద్ధతి భజన గోష్ఠికి, హరికథకు ఉన్నదే.

చదువురాని సంఘం

1878 జూలై 3న ఒంగోలు దగ్గర జాన్ క్లౌ బాప్టిస్టు మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. తర్వాతి దశాబ్దాల్లో కృష్ణా, గోదావరి మండలాల్లో మాలలూ, తెలంగాణలో మాల మాదిగ పల్లెలూ సంఘాల్లో చేరాయి. బడి గడప తొక్కనివ్వని సమాజంలో పెరిగినవారు వాళ్లు. వాళ్లకు బైబిలు చేతికి రాకముందే పాటగా నోటికి వచ్చింది. పల్లెలో పంతులుగారు ఒక పాదం అందుకుంటే జనం తిరిగి పాడేవారు. పగలంతా కూలికి పోయి రాత్రి దీపం ముందు కూర్చున్నవాళ్లు నాలుగు చరణాల్లో సృష్టి, పతనం, సిలువ, పునరుత్థానం నేర్చుకున్నారు. గుడిలో పాడటానికి హక్కు లేనివారి నోట శంకరాభరణం, ముఖారి మొదటిసారి ఆరాధనగా పలికాయి. ఈ ఒక్క సంగతి కోసమైనా తెలుగు సంగీత చరిత్ర ఈ పాటలకు ఒక అధ్యాయం ఇవ్వాలి. ఇప్పటిదాకా పేరా కూడా సరిగా ఇవ్వలేదు.

1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తమిళుడు. అయినా తెలుగు పాటను, డప్పు తాళాలతో నడిచే ఊరేగింపును, కథాకాలక్షేపాన్ని ఆరాధనలోకి ఆహ్వానించాడు. నాటాలు తోటలకు వలసపోయిన తెలుగు కూలీల కోసం 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికా వెళ్లాడు. అక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాలకు పాటే మాతృభాషతో మిగిలిన తాడు అయింది.

మెదక్ రాళ్లు, పటాన్‌చెరు రోడ్డు

వెస్లియన్ మిషన్ 1879లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టింది. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను తన ఊరుగా చేసుకున్నాడు. కరువు రోజుల్లో పనిచేసినవారికి తిండి అన్న పద్ధతిన కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. గోపురం ఎత్తు 175 అడుగులు. క్రిస్మస్ నాడు అక్కడికి పల్లెల నుంచి వేలమంది వస్తారు. చెట్ల కింద వంటలు, పిల్లల కేరింతలు, గుంపులు గుంపులుగా పాటలు, అచ్చంగా జాతరే. పొరుగున వికారాబాద్ జిల్లాలో మెథడిస్టుల ధారూరు జాతరకూ అదే తీరు. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు వెస్లియన్లు అందులో చేరారు, వికారాబాద్, జహీరాబాద్ వైపు మెథడిస్టులు విడిగా ఉండిపోయారు.

1960ల్లో రామచంద్రాపురంలో భెల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ వెనుక పారిశ్రామికవాడ వచ్చాయి. కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన లూథరన్, బాప్టిస్టు కుటుంబాలు తమ పాటల పుస్తకాలనూ పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాయి. అప్పటికే ఇక్కడ మరికొన్ని పుస్తకాలు నడుస్తున్నాయి. భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాద్ హెబ్రోను సహవాసానిది ‘సీయోను గీతములు’. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు పాటలు వేరే శైలి. సన్నిధిలో కనిపెట్టి కూర్చునే ధ్యానపు పాటలు. కేథలిక్కులకు 1963లో వాటికన్ మహాసభ దేశభాషల ఆరాధనకు తలుపు తెరిచాక లాటిన్ వెనక్కి తగ్గింది. సికింద్రాబాద్‌లోని కేథలిక్ సంస్థ అమృతవాణి క్యాసెట్ల మీద తెలుగు గీతాలను ఇంటింటికీ పంపింది. పెంతెకొస్తు సంఘాలు కీబోర్డు, డ్రమ్ములు, చప్పట్లతో వేగం పెంచాయి. హోసన్నా మినిస్ట్రీస్ వంటివి ఏటా కొత్త పాటలు విడుదల చేయడం ఆనవాయితీ చేశాయి.

ఈ మార్పులన్నిటి నడుమ హీబ్రూ మాటలు మాత్రం చెక్కు చెదరలేదు. ‘హల్లెలూయ’ అంటే యెహోవాను స్తుతించండి. ‘హోసన్నా’ 118వ కీర్తనలోని మొర, ‘ఇప్పుడే రక్షించు’ అని. యూదులు పర్ణశాలల పండుగలో కొమ్మలు ఊపుతూ పలికిన ఆ మాటనే తెలుగు పిల్లలు మట్టలాదివారం నాడు ఈత, కొబ్బరి మట్టలు పట్టుకుని పలుకుతారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మరో మలుపు ఉంది. క్రైస్తవులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకుని, యాకోబి సోదరుల నాయకత్వంలో 1991లో సమాజమందిరం తెరిచాయి. బెనె ఎఫ్రాయిం అనే ఈ సముదాయం విశ్రాంతిదినం పాటిస్తూ హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటోంది. తరతరాలుగా తెలుగులో విన్న కీర్తనల గ్రంథాన్ని వాళ్లు మొదటి భాషలో అందుకోవాలని ప్రయత్నిస్తున్నారు.

వరస

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పాఠ్యం పైన రాగం, తాళం పేర్లుంటాయి, స్వరం ఉండదు. వరస గొంతు నుంచి గొంతుకు పోవాల్సిందే. అందుకే ఒకే కీర్తన గుంటూరులో ఒక నడకలో, మెదక్‌లో మరో నడకలో సాగుతుంది. తెల్లాపూర్ చుట్టుపక్కల కొత్త కాలనీల సంఘాల్లో ఆ రెండు ఊళ్లవాళ్లూ ఇప్పుడు ఒకే బల్లమీద కూర్చుంటున్నారు. పాట అందుకున్నాక రెండో చరణం దగ్గర వరసలు విడిపోతే ఒకరు ఆగి, రెండోవారు ఎలా పాడుతున్నారో వింటారు. తెర మీద సాహిత్యం వేసే చోట రాగం పేరు సాధారణంగా వేయరు. కీబోర్డుకు తెలిసిన వరసే మిగులుతుంది. ముఖారిలో పాడాల్సిన శ్రమల కాలపు పాటను ముఖారిలో పాడగల పెద్దలు పల్లెల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ల గొంతులను వాళ్లుండగానే రికార్డు చేసుకోవాలి.