పేదవాడి గూడు: హైదరాబాదు నుంచి బత్తలపల్లె దాకా



ప్రతి ఏడూ ఈ సంచికలో మసీదులను గురించి, మదరసాలను గురించి, చదువుకొని పైకి వచ్చిన పిల్లలను గురించి వ్రాసుకుంటున్నాం. ఈసారి ఇళ్ళను గురించి వ్రాయాలనుకున్నాం. కారణం లేకపోలేదు. సంఘం సమావేశం ఎప్పుడు పెట్టినా ఎవరో ఒకరు లేచి, “ఇల్లు లేని వితంతువులు, బాడుగ కట్టలేని కూలీలు మనలో ఇంతమంది ఉన్నారు గదా, సంఘం తరఫున ఇళ్ళు ఎందుకు కట్టించకూడదు?” అని అడుగుతున్నారు. అడగవలసిన మాటే. అయితే పేదలకు ఇళ్ళు కట్టించినవాళ్ళు మనకంటే ముందు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఏ పద్ధతిలో కట్టారు, కట్టినవి ఎవరి చేతిలో నిలిచాయి అన్నది తెలుసుకోకుండా చందా పుస్తకాలు అచ్చు వేయించడం తొందరపాటని మా అభిప్రాయం.

మొదట మన ఊరి ఇంటినే చూద్దాం. బత్తలపల్లె చుట్టుపక్కల పాత ఇల్లంటే మట్టిమిద్దె. రాయీ మన్నూ కలిపి లేపిన గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, ఆ పైన కట్టెలు పేర్చి మన్ను, అన్నింటికంటే మీద సవుడు. వెలుతురుకు నడుమ ఒక గవాచి. ఆపాటి తాహతు కూడా లేనివాళ్ళకు బోద కప్పిన కొట్టం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటని చిన్నప్పటినుంచీ వింటున్నాం. “వానే లేని సీమలో ఇంటికప్పుకు ఏం భయం?” అని బయటివాళ్ళు అనుకుంటారు. భయమంతా అక్కడే ఉంది. నెలల తరబడి ఎండకు కాగి మిద్దె మన్ను బీటలిచ్చి ఉంటుంది. పడే కాస్త వానా నాలుగు రోజుల్లో కుండపోతగా పడి, ఆ బీటల్లో నుంచే దిగుతుంది. అందుకే వానలకు ముందు సవుడు తోలించి మిద్దె మీద పరిచి గట్టిచేయడం పెద్దల అలవాటు. ఒక ఏడు ఆ పని మానుకుంటే ఇల్లు కురుస్తుంది. వరసగా రెండు మూడేళ్ళు మానితే దంతెలు పుచ్చిపోతాయి. ఆ తర్వాత మిద్దె కూలడానికి పెద్ద వాన అక్కర్లేదు.

కరువు ఏడు సంసారాలు బెంగుళూరుకు బేల్దారి పనికి పోతాయి. వేరేవాళ్ళకు మేడలు కట్టి వచ్చేసరికి ఇక్కడ తమ మిద్దె కూలి ఉంటుంది. పేదవాడికి ఇల్లు లేకపోవడం ఒక బాధైతే, ఉన్న ఇంటిని నిలుపుకోలేకపోవడం ఇంకొక బాధ. లెక్కలు వ్రాసేవాళ్ళు మొదటిదాన్నే లెక్కలోకి తెస్తారు, రెండోది ఎక్కడా కనిపించదు.

ఇల్లులేనివాళ్ళ సంగతి మన ధర్మానికి మొదటినుంచీ తెలిసిన సంగతే. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లను మదీనాలో అన్సారులు తమ ఇళ్ళల్లో పెట్టుకున్నారు. ఎవరింట్లోనూ చోటు దొరకనివారికి ప్రవక్త (స) మసీదులోనే ఒక మూల చూరు వేయించి ఉంచారు. అస్‌హాబె సుఫ్ఫా అని మనం చెప్పుకొనేది వారినే. ఆ తర్వాత హజ్రత్ ఉమర్ (ర) ఖైబరులో తనకు వచ్చిన భూమిని అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు, దాని రాబడి మాత్రం పేదలకు, బాటసారులకు పోవాలని కట్టడి చేశారు. వక్ఫుకు మూలం అదే. వక్ఫు విషయంలో హనఫీ ఫిఖహులో ఒక నియమం ఉంది. వక్ఫు రాబడిలో నుంచి మొట్టమొదట ఆ ఆస్తి మరమ్మతుకే ఖర్చు పెట్టాలి, మిగిలిందే హక్కుదారులకు. వక్ఫు చేసినవాడు ఆ మాట వ్రాయకపోయినా వ్రాసినట్టే లెక్క. గోడ పడిపోయాక దానం ఎక్కడుంటుంది? ఆ పెద్దలు మన మట్టిమిద్దెలను చూసి చెప్పినట్టే ఉంది.

ఇక పట్నం సంగతి. మన సీమ 1800లోనే నిజాం చేతినుంచి దత్తమండలాల కింద కంపెనీ చేతికి పోయింది కనుక, ఆ తర్వాత హైదరాబాదు మనకు వేరే రాజ్యమే. అయినా తెలుగునేలన ఒక మహానగరంలో పేదల ఇళ్ళను గురించి ఒక సంస్థ పెట్టి మరీ ఆలోచించిన చోటు అది. దానికి మూసీ కారణమైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఒడ్డున ఉన్న మహల్లాలను, కోల్సావాడి వంటి పేదవాడలను ఊడ్చుకుపోయింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా తన ప్యాలెసుల తలుపులు జనానికి తెరిపించాడు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ లేచిన సంగతి అందరికీ తెలుసు.

చెరువుల పేర్లు మిగిలాయి, ఇళ్ళ కథ మరుగున పడింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం మొదట్లోనే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. కొంతకాలానికి ఆయన కుమారుడు మొఅజ్జం జా దానికి అధ్యక్షుడయ్యాడు. నాంపల్లి వంటిచోట్ల ఇరుకు గుడిసెలు తీసేసి, రోడ్లూ మోరీలూ వేసి, తక్కువ కిరాయికి వరుస ఇళ్ళు కట్టించి ఇచ్చింది ఆ బోర్డు. గాలీ వెలుతురూ పేదవాడికి కూడా కావాలన్న మాట దాని పనిలో కనిపిస్తుంది. 1960లో ఆ పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి పోయింది. పట్నంలో సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు మాత్రం నిలిచింది.

మంచిపనే. కాని అందులో ఒక చిక్కు ఉంది. ఇల్లు బోర్డుది, ఉండేవాడు కిరాయిదారు. సున్నం రాలితే బోర్డుకు అర్జీ పెట్టుకోవాలి. బోర్డు చేతిలో డబ్బున్నంతకాలం సరే, కిరాయి తక్కువ కనుక మరమ్మతుకు మిగిలేదీ తక్కువే. సొంతం కాని గోడకు సున్నం వేయడానికి ఎవరికీ చేతులు రావు, అది మనిషి నైజం. ధర్మవరంలో పట్టు నేసేవాళ్ళను అడిగితే ఇంకా బాగా చెబుతారు. గుంత మగ్గం పెట్టుకోవాలంటే ఇంట్లో నేల తవ్వాలి. బాడుగ ఇంట్లో తవ్వనిచ్చేది ఎవరు? నేతగాడికి ఇల్లే కార్ఖానా. ఇల్లు తనది కాకపోతే పనీ తనది కాదు.

అదే హైదరాబాదులో 1967లో మునిసిపల్ కార్పొరేషన్ కింద పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు ఒకటి మొదలైంది. తర్వాత యునిసెఫ్ కూడా సాయపడింది. ఆ ప్రాజెక్టువాళ్ళు బస్తీలను పీకేయకుండా, బస్తీ జనంతోనే కూర్చుని మాట్లాడే పద్ధతి పెట్టుకున్నారు. ఉన్నచోటనే పట్టా, బ్యాంకు అప్పు, కట్టుకొనేది ఎవరిది వారే. హిందువులు, ముస్లిములు కలిసి ఉండే బస్తీలు అనేకం ఇందులో ఉన్నాయి. తాము కట్టుకున్న ఇల్లు కనుక గోడ పగిలితే తామే పూసుకుంటారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఇంకొక గది వేసుకుంటారు. బోర్డు కట్టిన వరుస ఇళ్ళకు, ఈ ఇళ్ళకు తేడా సిమెంటులో లేదు, కాగితంలో ఉంది.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో క్రైస్తవ మిషనరీగా ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులకు బావులు తవ్వించే పనిలో పడ్డాడు. అక్కడి పెద్దలకు కంటగింపై 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. రైతులు వేలమంది ఆయన కోసం బొంబాయికి నడిచి పోయారు. ఇందిరా గాంధీ ప్రభుత్వం మళ్ళీ రానిచ్చాక, 1969లో ఆయన ఎంచుకున్నది ఎవరూ కోరి రాని మన అనంతపురాన్ని. గురువుల సంఘం నుంచి బయటికి వచ్చి, ఆన్ అనే ఇంగ్లీషు జర్నలిస్టును పెళ్ళాడి, ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపారు. ఆర్డీటీ అంటే తెలియని పల్లె మన వైపు లేదు. మన బత్తలపల్లెలోని ఆర్డీటీ ఆస్పత్రికి ఎంత దూరంనుంచి జనం వస్తారో రోజూ బస్టాండులో చూస్తున్నాం. 2009 జూన్ 19న ఆయన పోయినప్పుడు సమాధి కూడా బత్తలపల్లెలోనే చేశారు.

ఆస్పత్రిని గురించి అందరూ చెబుతారు. ఇళ్ళను గురించి తక్కువ చెబుతారు. దళితవాడల్లో, తండాల్లో, వెనుకబడిన కులాల వీధుల్లో ఆర్డీటీ కట్టించిన ఇళ్ళు డెబ్బై వేలకు పైమాటే. హంగూ ఆర్భాటమూ లేని చిన్న ఇళ్ళు, గట్టి గోడ, కురవని కప్పు. ఇల్లు పొందేవాళ్ళు పునాది తవ్వడం వంటి పనుల్లో తమ రెక్కల కష్టం కలపాలి. అన్నింటికంటే ముఖ్యమైనది, ఇల్లు ఆడమనిషి పేరు మీద వ్రాస్తారు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ఇల్లు మగవాడి పేరు మీద ఉంటే కరువు ఏడు షావుకారు దగ్గర కాగితం తాకట్టు పోతుంది, తాగుడుకు పోయేదీ ఉంది. ఆడమనిషి పేరు మీద ఉంటే పిల్లల నెత్తిన కప్పు పోనియ్యదు. ఇది ఏదో విదేశీ ఆలోచన అని మనలో కొందరు పెద్దలు అంటుంటారు. మెహర్ ఆమె సొత్తు, తండ్రి ఆస్తిలో ఆమెకు వాటా, ఆమె సొమ్ము మీద భర్తకు హక్కు లేదు అని పద్నాలుగు వందల ఏళ్ళకు ముందే విన్నవాళ్ళం మనం. విని పెట్టెలో పెట్టి తాళం వేసినదీ మనమే. మన ఇళ్ళల్లో ఎన్ని పట్టాలు ఆడవాళ్ళ పేరిట ఉన్నాయో ఈ సంచిక చదివేవారు ఎవరింట్లో వారు చూసుకోవచ్చు.

ఆర్డీటీ డబ్బులో ఎక్కువ భాగం స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా ఇచ్చే చిన్న విరాళాలు. విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ దగ్గర చిక్కు వచ్చి 2025లో ఆ రాబడికే ఎసరు వచ్చినప్పుడు, కులమతాలు లేకుండా జనం ఊరూరా ఊరేగింపులు తీశారు. ఆస్పత్రి ఏమవుతుంది, బడి ఏమవుతుంది అన్న దిగులు అందరిలో కనిపించింది. కట్టిన ఇళ్ళు ఏమవుతాయన్న దిగులు మాత్రం అంతగా వినిపించలేదు. అవి ట్రస్టువి కావు, ఉండేవాళ్ళవి. విరాళం ఆగినా వాటి గడప కదలదు.

మళ్ళీ మన సంఘం సంగతికి వద్దాం. జకాతు డబ్బుతో సంఘమే ఇళ్ళు కట్టి తన పేరున పెట్టుకుందామని ఒక సలహా ఉంది. హనఫీ ఉలమాల మాట ప్రకారం జకాతు పేదవాడి చేతికి అతని సొంతంగా అందాలి. సంఘం పేరున ఉన్న గోడలో కలిస్తే అది జకాతుగా చెల్లదు. అదే డబ్బు ఒక వితంతువుకు ఇచ్చి, ఆమె పట్టా మీద ఆమే కట్టుకుంటే చిక్కు లేదు. ఇక ఎవరైనా దాత స్థలమో ఇల్లో వక్ఫు చేస్తే దారి వేరు. అది అమ్ముడు పోదు, నిరుపేదలకు నామమాత్రపు బాడుగకు ఇవ్వవచ్చు, కాని పైన చెప్పిన నియమం ప్రకారం మరమ్మతు సొమ్ము ముందే తీసి పెట్టాలి. ఈ రెండు లెక్కలనూ ఒకే పుస్తకంలో కలిపి వ్రాయకూడదు.

ఈ ఏడు మా దగ్గరికి వచ్చిన అర్జీలు చూస్తే, కొత్త ఇల్లు కావాలన్నవి ఒక కట్ట ఉన్నాయి. మిద్దె కురుస్తోంది, దంతె మార్పించండి అన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అటువంటి వాటికి సంఘం సాయం చేస్తుందని చాలామందికి తెలియదు. కొత్త ఇంటి ఖర్చులో చిన్న భాగంతో ఒక పాత మిద్దె మీద బండలు పరిపించి కురవకుండా చేయవచ్చునని బేల్దారులు చెబుతున్నారు. రాబోయే మహాసభలో ముందు మరమ్మతుల నిధి, పట్టాలు లేనివారికి ఆఫీసుల చుట్టూ తిరిగి పట్టాలు ఇప్పించే పని, ఆ తర్వాతే కొత్త ఇళ్ళు అన్న తీర్మానం పెడుతున్నాం. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పక వచ్చి మాట్లాడవలసిందిగా కోరుతున్నాం. మిద్దె కురిసే ఇళ్ళవాళ్ళు మహాసభ దాకా ఆగనక్కర్లేదు, వానలు పడకముందే సంఘం ఆఫీసులో పేరు వ్రాయించుకోవచ్చు.