స్వర్ణ ప్యాలెస్‌లో ఆ తెల్లవారుజాము

2020 ఆగస్టు 9, ఆదివారం. విజయవాడ ఏలూరు రోడ్డులోని స్వర్ణ ప్యాలెస్ హోటల్లో, ఐదు గంటల వేళ, కింది అంతస్తులో నిప్పంటుకుంది. పొగ మెట్లదారి పట్టి పైకెక్కింది. పది మంది ఇక ఇళ్లకు తిరిగి వెళ్లలేదు. ముగింపు అందరికీ తెలిసిందే. అయినా ఆ పది మంది కోసం మొదటి నుంచి చెప్పుకోవాలనిపిస్తుంది.

వాళ్లు కరోనా చికిత్సకని చేరినవాళ్లు. ఆస్పత్రుల్లో మంచాలు చాలక, ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆ హోటల్‌ను కొవిడ్ కేంద్రంగా మార్చింది. ఆ తొందరను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మంచం దొరికితే ప్రాణం దక్కినట్టేనని ఊళ్లకు ఊళ్లు నమ్మిన రోజులవి. అయినవాళ్లను బయటే వదిలి, సుమారు 30 మంది ఆ గదుల్లో చేరారు.

హోటల్ గదికి వైరింగు చేసేటప్పుడు, రాత్రి బసకు వచ్చే మనిషిని తలచుకుని చేస్తారు. లైటు, టీవీ, ఏసీ, గీజరు, అంతే. రోగి పడుకునే గది లెక్క వేరు. గట్టి ఎర్తింగు కావాలి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే రక్షణ కావాలి, మెయిన్ పోయినా ఆగని సరఫరా కావాలి. గోడలో ఎక్కడో ఒక జాయింటు వదులైందనుకోండి. లోడు పెరగదు కనుక ఎంసీబీ పడిపోదు. ఆ స్క్రూ దగ్గర మాత్రం వేడి పుడుతూనే ఉంటుంది. తీగ తొడుగు గోధుమరంగుకు తిరుగుతుంది, మెత్తబడుతుంది, కమురు వాసన వేస్తుంది. అప్పటికి గదిలో మనిషి నిద్రలో ఉంటాడు.

షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు తొలుత చెప్పారు. అగ్నిమాపక శాఖ అనుమతి కూడా లేదన్నారు.

మొదటి రోగి రాకముందు ఒక్క పూట. తీగల ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు చేతబట్టిన వైర్‌మన్ ఒకరు బోర్డులన్నీ విప్పి, ఒక్కో లైనూ పరీక్షించే ఒక్క పూట! అది పోనీ, మూడు రోజుల ముందు, ఆగస్టు 6న, అహ్మదాబాద్ శ్రేయ్ ఆస్పత్రి ఐసీయూలో మంటలు రేగి ఎనిమిది మంది కరోనా రోగులు చనిపోయారు. ఆ వార్త మనమూ చదివాం, అయ్యో అనుకున్నాం, పేజీ తిప్పేశాం. గురువారం నుంచి ఆదివారం దాకా మూడు రాత్రులు మిగిలే ఉన్నాయి. ఆ మూడింటిలో ఒక్క రాత్రైనా ఎవరో ఒకరు ఆ వార్త పట్టుకుని స్వర్ణ ప్యాలెస్ మెయిన్ బోర్డు ముందు నిలబడి ఉంటే అని మనసు ఇప్పటికీ కొట్టుకుంటుంది.

ఆ తెల్లవారుజామున లోపలివాళ్లు కిటికీల దగ్గరికి చేరి కేకలు వేశారు. కొందరు పైనుంచి దూకారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పొగకే పోయారు. ఊపిరి నిలుపుకోవడానికి వచ్చినవాళ్లు, ఊపిరాడక.

ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 50 లక్షల రూపాయలు ప్రకటించింది. నవంబరులో రాజ్‌కోట్‌లో ఒక కొవిడ్ ఆస్పత్రి కూడా కాలాక, డిసెంబరు 18న సుప్రీంకోర్టు ప్రతి కొవిడ్ ఆస్పత్రిలోనూ నెలకోసారి అగ్నిభద్రత తనిఖీ జరగాలని ఆదేశించింది. 2021 ఏప్రిల్ 23న విరార్‌లో, మే 1న భరూచ్‌లో, అర్ధరాత్రి దాటాక, కొవిడ్ రోగుల గదులు మళ్లీ తగలబడ్డాయి.