పాత కెమెరా పైతొడుగు

కెమెరా అనగానే మనకు కటకము, ఫిల్ము జ్ఞాపకము వచ్చును. పైతొడుగును గూర్చి ఆలోచించువారు అరుదు. కాని పాత కెమెరాను బాగుచేయబూనిన వానికి తరచు మొదట ఎదురగు సమస్య ఆ తొడుగే. దానిని మార్చుటకు ముందు అది ఏ పదార్థమో, ఏల శిథిలమైనదో తెలిసికొనవలెను.

తొలి రోజులలో తొడుగు అనగా తోలే. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో అమ్మకమునకు తెచ్చిన కొడాక్ కెమెరా తోలు అతికించిన కొయ్యపెట్టె. తోలు కొయ్యను రాపిడినుండి కాపాడును. చేతికి పట్టు నిచ్చును.

జర్మనీలో వెట్జ్‌లార్ పట్టణమందలి ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థ సూక్ష్మదర్శినులకు ప్రసిద్ధి చెందినది. అక్కడ పనిచేసిన ఆస్కార్ బార్నాక్, చలనచిత్రములకు వాడు 35 మి.మీ. ఫిల్ముపై 24×36 మి.మీ. బొమ్మలు తీయు చిన్న లోహపు కెమెరాను 1914 నాటికి రూపొందించెను. అది లైకా అను పేరుతో 1925లో లైప్‌జిగ్ వర్తక ప్రదర్శనమున ప్రజల ముందుకు వచ్చెను. దీనికి తోలుకు బదులు వల్కనైటు అను గట్టి రబ్బరు తొడుగు వేసిరి.

పచ్చి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి పెళుసగును. గంధకముతో కలిపి వేడిచేసిన ఈ దోషము పోవునని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొని, 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. గంధకము వాటిమధ్య వంతెనలు కట్టును. గంధకము కొద్దిగా ఉన్న మెత్తని రబ్బరు వచ్చును. నూరు పాళ్ళ రబ్బరుకు 30 పాళ్ళు మించిన వంతెనలు అధికమై గట్టి వల్కనైటు ఏర్పడును.

ఆ గట్టిదనమే దానికి ముప్పు కూడ. వెలుతురు, గాలి, తేమ తగిలి ఏండ్లు గడచినకొలది అది ఆక్సీకరణము చెంది వన్నె తగ్గి పెళుసగును. లోహము, రబ్బరు వేడికి సమముగా వ్యాకోచింపవు. కావున వాటి పట్టు సడలి పెచ్చులూడును.

తొడుగు మార్చువారు ముందు కటకమును, రంధ్రములను మూసి, కొయ్య మొనతో పెచ్చులను మెల్లగా లేపవలెను. ఉక్కు పనిముట్టుతో గీసిన లోహము చెడును. ధూళి ఊపిరిలోనికి పోకుండ ముక్కుకు గుడ్డ కట్టుకొనుట మంచిది. మిగిలిన జిగురును స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడువవలెను. కాగితముపై కొలత కత్తిరించి సరిచూచుకొని, పిదప పలుచని తోలును కోయవలెను. మందమైన తోలు మీటలకు అడ్డుపడును. చెప్పులు కుట్టువారు వాడు సొల్యూషన్ వంటి జిగురును రెండువైపుల పలుచగా పూసి, కొంత ఆరనిచ్చి, ఒక అంచునుండి అదుముచు పోవలెను.

అయితే అన్నిటికిని ఈ చికిత్స తగదు. నిత్యము వాడు కెమెరాకు క్రొత్త తొడుగు అవసరమే. అరుదైన కెమెరాకు మాత్రము పాత తొడుగే తయారీకి సాక్ష్యము. ఒకసారి ఊడదీసిన అది తిరిగి రాదు. అట్టిచోట వదులైన పెచ్చును మాత్రమే అతికించి తక్కినది ఉన్నట్లే ఉంచవలెను. మార్చక తప్పనిచో ముందుగా ఫోటో తీసి, ఊడిన ముక్కలను కవరులో భద్రపరచి, ఏమి మార్చినది తేదీతో వ్రాసి కెమెరాతో ఉంచవలెను. లేనిచో క్రొత్త తోలును చూచి, రాబోవువారు దానినే అసలు తొడుగని పొరబడుదురు.