మహామారి ఏటి విద్యార్థి: ఇబ్న్ ఖల్దూన్ యౌవనం

ఇబ్న్ ఖల్దూన్ పేరు ఎరుగని చరిత్ర విద్యార్థి ఉండడు. ‘ముఖద్దిమా’ కర్తగా, సమాజ పరిణామానికి సూత్రాలు వెతికిన తొలి చరిత్రకారులలో ఒకడుగా ప్రాచ్య పాశ్చాత్య దేశాల పండితులు ఆయనను స్మరిస్తూనే ఉన్నారు. కాని ఆ స్మరణ అంతా నలభై అయిదేళ్ళ ప్రౌఢుని గురించి. ఆ గ్రంథం రాయటానికి దాదాపు మూడు దశాబ్దాల ముందు, ట్యూనిస్ నగరంలో ఒక్క ఏడాది వ్యవధిలో తల్లిదండ్రులనూ గురువులనూ పోగొట్టుకుని, చదువు సాగించటమా, కొలువు చూసుకోవటమా అని నిలబడిపోయిన కుర్రవాని గురించి చెప్పుకునేది తక్కువ. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలి విద్యాలయాలన్నీ మూతపడి, చదువు సగంలో ఆగిన యువకులు ఎటూ తోచక ఇంట కూర్చున్న రోజులు చూసినవారికి ఆ కుర్రవాని కథ మరీ పాతదిగా తోచదు.

అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఖల్దూన్ హిజ్రీ 732 రమజాన్ మొదటి తేదీన, అంటే క్రీ.శ. 1332 మే 27న, ట్యూనిస్‌లో జన్మించాడు. వంశమూలం యమన్‌లోని హద్రమౌత్. పూర్వులు తరతరాలుగా అందలూసియాలోని ఇష్బీలియాలో, నేటి సెవిల్ నగరంలో, పేరుగల పెద్దలు. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజుల వశమవుతుందని ముందే గ్రహించి ఉత్తర ఆఫ్రికాకు తరలివచ్చారు. ముత్తాత, తాత హఫ్సీ సుల్తానుల కొలువులో పెద్ద పదవులే చేశారు. తండ్రి ముహమ్మద్ మాత్రం ఆ మార్గం వద్దనుకున్నాడు. రాజకీయాలను వదిలి, విద్యావ్యాసంగంలోనే బ్రతికాడు. కుమారునికి అరబ్బీ భాషలో తొలిపాఠాలు చెప్పినది ఆయనే. దివ్య ఖుర్ఆన్ కంఠస్థం, పఠన సంప్రదాయాలు, హదీసు, మాలికీ ధర్మశాస్త్రం, ప్రాచీన అరబ్బీ కవిత్వం – పండిత కుటుంబంలోని బాలుడు ఏమేమి చదవాలో అవన్నీ అతడు చదివాడు.

1347లో ఆ ఇంటి గడప ముందుకు మరో ప్రపంచం వచ్చి నిలిచింది. మొరాకోనేలే మరీనీ సుల్తాను అబుల్ హసన్ ట్యూనిస్‌ను జయించాడు. సుల్తాను వెంట సైన్యంతోపాటు విద్వాంసుల పరివారం కూడ వచ్చింది. ధర్మశాస్త్రంలో సత్తీ, హదీసులోనూ రాజలేఖనంలోనూ అబ్దుల్ ముహైమిన్ హద్రమీ, తర్క గణిత శాస్త్రాలలో తిలిమ్‌సాన్ వాసి ముహమ్మద్ అల్ ఆబిలీ. అబ్దుల్ ముహైమిన్ వెంట తెచ్చుకున్న గ్రంథాలు మూడు వేలకు పైబడి ఉండేవని శిష్యుడు తరువాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పదిహేనేళ్ళ జిజ్ఞాసువుకు ఇంతకంటె కావలసినదేముంది? ఫెజ్‌కో తిలిమ్‌సాన్‌కో నెలల తరబడి ప్రయాణం చేసి చేరవలసిన గురువులు తమ వీధికే వచ్చారు.

ఆ భాగ్యం ఏడాది నిలువలేదు. 1348 వసంతంలో ఖైరవాన్ సమీపాన అరబ్బు తెగలు సుల్తాను సేనను చిత్తుగా ఓడించాయి. ట్యూనిస్‌లో తిరుగుబాటు చెలరేగింది. సుల్తాను మనుషులకు ప్రాణభయం పట్టుకుంది. అబ్దుల్ ముహైమిన్ కొన్ని నెలలు ఖల్దూన్ కుటుంబం ఇంటిలోనే తలదాచుకున్నాడు. ఆ అలజడి చల్లారకముందే ప్లేగు వచ్చింది.

ఆ ప్లేగు 1347 శరత్కాలంలో అలెగ్జాండ్రియా రేవులో దిగి, మరుసటి ఏటికల్లా మధ్యధరా తీరాల నన్నింటినీ చుట్టుముట్టింది. యెర్సీనియా పెస్టిస్ అనే సూక్ష్మజీవి దీనికి కారణమని తెలియటానికి 1894 దాకా ఆగవలసివచ్చింది. దమిష్కులో మూడు రోజులు ఉపవాసముండి, నాలుగోనాడు ముస్లిములు ఖుర్ఆన్ ప్రతులతో, యూదులు క్రైస్తవులు తమ తమ గ్రంథాలతో, అందరూ కలిసి ఊరి వెలుపలి మస్జిదుకు ఏడుస్తూ నడిచివెళ్ళిన దృశ్యాన్ని ఇబ్న్ బతూతా చూశాడు. ఆయన స్వగ్రామమైన తంజా చేరేసరికి తల్లి ఆ వ్యాధికే బలియై ఉన్నది. హలబ్ నగరంలో ఆ మహామారిపై పుస్తకం రాసిన ఇబ్నుల్ వర్దీని 1349లో ఆ మహామారే తీసుకుపోయింది.

ట్యూనిస్‌లో ఖల్దూన్ ఇంట తండ్రి పోయాడు, తల్లి పోయింది. ఇంట దాగిన అతిథి, గురువు అబ్దుల్ ముహైమిన్ పోయాడు. నగరంలో చదువు చెప్పగల పెద్దలు అనేకులు పోయారు. మిగిలినవారిలో పలువురు 1349 చివర సుల్తానుతోపాటు ఓడలెక్కి మొరాకోకు బయలుదేరారు. తుఫానులో ఆ నౌకాదళం బిజాయా తీరాన మునిగింది. సత్తీ అందులోనే మరణించాడు. వ్యాధి విడిచినవారిని సముద్రం తీసుకున్నదన్నమాట.

అప్పటికి అబ్దుర్రహ్మానుకు చాంద్రమానం లెక్కన పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. అన్న ముహమ్మద్ ఇంటి పెద్ద అయ్యాడు. తమ్ముడు యహ్యా ఇంకా చిన్నవాడు. ఆత్మకథలో ఇబ్న్ ఖల్దూన్ గురువుల గురించి పుటలకు పుటలు రాశాడు – ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరివద్ద చదివారు, ఏ గ్రంథం తనకు చెప్పారు, ఎలా మరణించారు అని. తల్లిదండ్రుల మరణానికి మాత్రం ఒక్క వాక్యం ఇచ్చాడు. అదీ నగర పెద్దలు, విద్వాంసులు పోయిన సంగతి చెబుతూ, వారితోపాటే. దీన్ని చూసి ఆయన మనసు రాయి అన్న విమర్శకులు లేకపోలేదు. అది న్యాయం కాదు. ఆ కాలపు ఆత్మకథ అంటే గురుపరంపరను నమోదుచేసే పత్రం. అందులో ఇంటి దుఃఖానికి చోటు ఉండేది కాదు. చోటు లేనిచోట ఆ ఒక్క వాక్యమైనా రాయటమే గమనించవలసిన సంగతి.

గురువులు వెళ్ళిపోయిన ట్యూనిస్‌లో ఉండలేక తానూ మొరాకో వెళ్ళాలని ఆ యువకుడు ఆరాటపడ్డాడు. అన్న ఒప్పుకోలేదు. అన్నను తప్పుపట్టడానికీ లేదు. ఇద్దరు పెద్దలను ఖననం చేసిన ఇల్లు, దారుల వెంట తిరుగుబాట్లు, సముద్రంలో మునిగిన ఓడలు – తమ్ముణ్ణి ఏ అన్న పంపుతాడు? అయితే అదృష్టవశాత్తు ఒక్క గురువు మిగిలాడు. అల్ ఆబిలీ సుల్తాను వెంట పోక ట్యూనిస్‌లో ఆగాడు. అప్పటికాయనకు అరవై దాటాయి. మూడేళ్ళపాటు ఆ వృద్ధుడూ ఆ అనాథ యువకుడూ కూర్చుని తర్కం, గణితం, కలామ్, తత్త్వం చదివారు. ఊరిలో పెద్ద విద్యాగోష్ఠులు లేవు, పోటీపడే సహాధ్యాయులు లేరు. ఒక గురువు, ఒక శిష్యుడు, పుస్తకాలు.

ఆ చదువు ఫలితం నేటికీ కంటికి కనిపిస్తుంది. హిజ్రీ 752లో, అంటే 1351లో, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో ఆయన తొలి గ్రంథం ‘లుబాబుల్ ముహస్సల్’ పూర్తిచేశాడు. ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) రచించిన ‘ముహస్సల్’కు అది సంగ్రహం. రాజీపై నసీరుద్దీన్ తూసీ చేసిన విమర్శనూ అందులో చేర్చి, అక్కడక్కడ తన మాటనూ జోడించాడు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉంది. 1952లో తెతువాన్‌లో అచ్చయింది. దానిని మహాగ్రంథమని ఎవరూ అనరు. విద్యార్థి కృషి అది. విచిత్రమేమంటే, ఇదే ఇబ్న్ ఖల్దూన్ తరువాత ‘ముఖద్దిమా’లో సంగ్రహ గ్రంథాలు విద్యకు చేటు అని ఒక ప్రకరణమే రాశాడు! గ్రంథాలు మితిమీరి పెరగటం కూడ చదువుకు అడ్డమేనన్నాడు. ఆ రెండో మాట మొదట అల్ ఆబిలీది. శిష్యుడు పెద్దవాడయ్యాక గురువు మాటను నిలబెట్టాడు, గురువు ఎదుట కూర్చుని తాను రాసిన తొలి పుస్తకాన్ని మాత్రం ఆ మాటకు ఎర చేశాడు.

ఇదే కాలంలో జలసంధికి ఆవల గ్రనడాలో మరో యువకుడున్నాడు. ఇబ్న్ జమ్‌రక్ 1333లో పుట్టాడు, ఇబ్న్ ఖల్దూన్ కంటె ఒక్క ఏడాది చిన్న. పేదింటి బిడ్డ, వంశం, ఆస్తి, కొలువులో బంధువులు ఏమీ లేవు. అక్కడ ప్లేగు 1349 మొదట్లో ఆస్థాన లేఖకుడు, కవి ఇబ్నుల్ జయ్యాబ్‌ను కబళించింది. ఆ స్థానం ఆయన శిష్యుడు లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్‌కు దక్కింది. అదే 1349లో సుల్తాను మొదటి యూసుఫ్ గ్రనడా పెద్ద మస్జిదు ఎదుట యూసుఫియ్యా మద్రసా తెరిపించాడు. శవాలు లేస్తున్న నగరంలో పాఠశాల తెరవటం! ఆ మద్రసాయే ఇబ్న్ జమ్‌రక్ వంటివారికి దారి చూపింది. అక్కడ చదివి, ఇబ్నుల్ ఖతీబ్ శిష్యుడై, చివరకు ఆస్థాన కవి అయ్యాడు. అల్‌హమ్రా గోడలమీద, సింహాల ఫౌంటెన్ అంచున చెక్కి ఉన్నవి అతని కవితలు. ఇక్కడ ఒక చేదు నిజం దాచరాదు. వృద్ధులు పోయిన ఖాళీలలోకి యువకులు ఎక్కివచ్చారు. అలా ఎక్కినవారందరూ కృతజ్ఞులుగా మిగల్లేదు. 1374లో ఇబ్నుల్ ఖతీబ్ ఫెజ్ చెరసాలలో హతుడైనప్పుడు ఆయనపై అభియోగం నడిపినవారిలో ఈ శిష్యుడూ ఉన్నాడు.

ట్యూనిస్‌లోనూ ఖాళీలు వచ్చాయి. ఫెజ్ సుల్తాను అబూ ఇనాన్ పిలుపుపై అల్ ఆబిలీ వెళ్ళిపోయాక, 1352లో బాల సుల్తాను పేర పాలిస్తున్న ఇబ్న్ తాఫ్‌రాజీన్ ఇబ్న్ ఖల్దూన్‌ను ‘అలామా’ లేఖకుడిగా నియమించాడు. రాజపత్రాలపై బిస్మిల్లాహ్‌కు, పత్రంలోని విషయానికి నడుమ ‘అల్ హమ్దు లిల్లాహి, వష్షుక్రు లిల్లాహ్’ అని లావుపాటి కలంతో అందంగా రాయటమే ఆ ఉద్యోగం. తర్కశాస్త్రంలో రాజీతో వాదించిన చేతికి అది చిన్నపనే. అయినా కాదనలేదు. కొలువులో చేరిన మరుక్షణం నుంచి ఆయన చూపు పడమటివైపే ఉంది. ఆ ఏడే ట్యూనిస్ సైన్యం వెంట వెళ్ళి, సైన్యం ఓడిపోగానే జట్టు విడిచి, ఊరూరూ ఆగుతూ రెండేళ్ళకు ఫెజ్ చేరాడు. అక్కడి గురువుల వద్ద చదువు మళ్ళీ మొదలుపెట్టాడు. అన్న ఆపిన ప్రయాణం అయిదేళ్ళు ఆలస్యంగా జరిగింది.

ప్లేగు వల్లనే ‘ముఖద్దిమా’ పుట్టిందని కొందరు చరిత్రకారులు తేలికగా అనేస్తారు. నడుమ ఇరవై తొమ్మిదేళ్ళ మంత్రిత్వాలు, చెరసాల, రాయబారాలు, తెగల నడుమ జీవితం ఉన్నాయి; వాటినన్నింటినీ తుడిచివేయటం తగదు. కాని గ్రంథంలో ఆ ఏటి జాడ లేదనలేము. తన కాలంలో ప్రపంచం మొత్తం మారిపోయిందనీ, ఊళ్ళు, దారులు, రాజ్యాలు శిథిలమయ్యాయనీ, అందుకే కొత్తగా చరిత్ర రాయవలసి ఉందనీ ఆయన చెప్పినప్పుడు ఆ మహామారినే కారణంగా చూపాడు. జనం కిక్కిరిసిన నగరాలలో గాలి చెడి వ్యాధి పుడుతుందనీ, ఇళ్ళమధ్య ఖాళీ స్థలం విడవాలనీ రాశాడు. అంతకంటె ముఖ్యం, విద్యను గురించిన ప్రకరణాలు. విద్య ఒక చేతిపని వంటిదనీ, గురువు ఎదుట కూర్చుని నేర్చినదే గట్టిగా నిలుస్తుందనీ, గురుపరంపర తెగితే గ్రంథాలు ఎన్ని ఉన్నా విద్య పోతుందనీ వాదించాడు. మొరాకో మద్రసాలలో పదహారేళ్ళు నోరు మెదపక కూర్చునే విద్యార్థులకంటె ట్యూనిస్‌లో అయిదేళ్ళు చదివినవారే మేలన్న ఆయన మాటలో స్వానుభవం వినిపిస్తుంది. చర్చించి, వాదించి నేర్చుకున్న మూడేళ్ళు ఆయనకు ట్యూనిస్‌లోనే దొరికాయి, అదీ ఊరు సగం ఖాళీ అయిన తరువాత.

1377లో ఖల్‌అత్ ఇబ్న్ సలామా కోటలో అయిదు నెలలలో ‘ముఖద్దిమా’ తొలిరూపం ముగించాక, మిగిలిన చరిత్ర రాయటానికి గ్రంథాలయాలు కావలసివచ్చాయి. 1378లో, బయలుదేరిన ఇరవై ఆరేళ్ళకు, ట్యూనిస్ తిరిగివచ్చాడు. తన పెద్దల ఇళ్ళూ సమాధులూ ఉన్న ఊరని ఆ నగరం గురించి రాసుకున్నాడు.