పసివాడి పరుగుకు నిమిషం పెద్ద కొలత

మూడేళ్ల పిల్లవాడు రోజూ ఎంతసేపు ఆడుతాడని తల్లిని అడిగితే, "పొద్దస్తమానం పరుగులే, ఒక్కచోట నిలవడు" అంటుంది. వైద్యుడికి ఆ జవాబు చాలదు. పిల్లవాడినే అడుగుదామంటే వాడికి గంటా తెలియదు, నిమిషమూ తెలియదు. పెద్దలకు పనికివచ్చే ప్రశ్నావళి పసివారి వద్ద పనికిరాదు. అందుకే పరిశోధకులు పిల్లల ఒంటికి యంత్రాలు కట్టవలసి వచ్చింది.

1959లో అమెరికాలో షుల్మన్, రీస్మన్ అనే పరిశోధకులు చక్కని ఉపాయం కనిపెట్టారు. కీ ఇవ్వనక్కరలేకుండా చేతి కదలికతోనే నడిచే గడియారాలు అప్పటికే వాడుకలో ఉన్నాయి. అటువంటి గడియారాన్ని కొద్దిగా మార్చి, అది కాలాన్ని కాక కదలికనే చూపేటట్లు చేసి పిల్లలకు కట్టారు. దానినే యాక్టోమీటర్ అన్నారు. వారు కొలవదలచింది అతిచురుకుదనాన్ని. పిల్లలు మరీ ఎక్కువగా కదులుతున్నారన్నది ఆనాటి దిగులు!

1965లో జపానులో అమ్మకానికి వచ్చిన 'మాంపో కేయ్' అడుగులను లెక్కించింది గాని, ఆ అడుగు నడకదో పరుగుదో చెప్పలేకపోయింది. 1980లలో నడుముకు తగిలించుకునే యాక్సెలరోమీటర్లు వచ్చాయి. ఇవి శరీర వేగంలోని మార్పులను గ్రహించి, ఒక నిర్ణీత వ్యవధిలో వాటిని కూడి, 'కౌంట్లు' అనే సంఖ్యగా దాచుకుంటాయి. ఆనాటి పరికరాలలో జ్ఞాపకశక్తి స్వల్పం. కనుక 1990లలో పరిశోధకులు సాధారణంగా నిమిషానికొక సంఖ్య చొప్పున దాచేవారు. చిక్కంతా ఈ నిమిషంలోనే ఉంది.

1995లో కాలిఫోర్నియాలో బెయిలీ బృందం ఏ యంత్రమూ లేకుండా, 6 నుంచి 10 ఏళ్ల వయసున్న 15 మంది పిల్లలను కంటితో చూస్తూ, ప్రతి 3 సెకన్లకు వారి చేష్టలను నమోదు చేసింది. తీవ్రమైన కదలికలలో నూటికి 95 వంతులు 15 సెకన్లు కూడా నిలవలేదు. పిల్లలు పరుగెత్తుతారు, ఆగుతారు, ఏదో చీమను చూస్తారు, మళ్లీ పరుగెత్తుతారు. ఓపికతో చేసిన ఈ చిన్న పరిశీలన ఎన్నో ఖరీదైన యంత్రాలకంటె ఎక్కువ నేర్పిందని నా అభిప్రాయం.

మీరే లెక్క చూడండి. 2006లో పేట్ బృందం బడికి వెళ్లే వయసుకు ముందున్న పిల్లల ఊపిరిలోని ఆక్సిజన్ వినియోగాన్ని కొలిచి, 15 సెకన్లకు 420 కౌంట్లు దాటితే దానిని మధ్యస్థ శ్రమగా పరిగణించవచ్చని తేల్చింది. ఒక పాప 15 సెకన్లు పరుగెత్తి 600 కౌంట్లు తెచ్చుకొని, మిగిలిన 45 సెకన్లు నిలబడి 100 తెచ్చుకుందనుకుందాం. నిమిషం మొత్తం 700. అదే గీటును నిమిషానికి పెంచితే 1680 అవుతుంది. పాప పరుగెత్తనే లేదని యంత్రం సాక్ష్యం చెబుతుంది! గీటు విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. 2002లో పుయావ్ బృందం 6 నుంచి 16 ఏళ్లవారికి నిమిషానికి 3200 కౌంట్లను మధ్యస్థ శ్రమకు గీటుగా నిర్ణయించింది. ఒకే బిడ్డ ఒక గీటుతో చురుకైనవాడు, మరొక గీటుతో మందకొడి.

2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గ్లాస్గో అధ్యయనాన్ని ఈ వెలుగులో చదవాలి. మూడేళ్ల పిల్లలు మేల్కొని పరికరం ధరించిన సమయంలో 79 శాతం దాదాపు కదలకుండానే గడిపారని, మధ్యస్థ, తీవ్ర శ్రమలకు దక్కింది 2 శాతమేనని అందులో రైలీ బృందం ప్రకటించింది. ఇదంతా కొలబద్ద దోషమేనని కొట్టిపారేయడం మాత్రం తొందరపాటు. ఆ బృందం ప్రత్యేక ఐసోటోపులు కలిపిన నీటిని పిల్లలచేత తాగించి, వారు ఖర్చు చేసే శక్తిని వేరుగా కొలిచింది. అదీ తక్కువగానే తేలింది. పిల్లలు తగినంత కదలకపోవడం నిజమే కావచ్చు. ఆ 2 శాతాన్ని మాత్రం నేను అక్షరాలా నమ్మను.

3, 4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు శారీరకంగా చురుకుగా ఉండాలని, అందులో 60 నిమిషాలైనా మధ్యస్థ లేదా తీవ్ర శ్రమ ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ 60 నిమిషాలు ఏకబిగిన అక్కరలేదు. రోజంతా చెదురుగా పడిన సెకన్లన్నీ కలిసినా చాలు. పెద్దల నడకను దృష్టిలో ఉంచుకొని చేసిన పట్టీని బిడ్డకు కట్టి, అందులోని అంకె చూసి బెంగపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నడుముకు కట్టిన యంత్రం మూడు చక్రాల సైకిలు తొక్కుడును కూడా సరిగా గుర్తించదు. తొక్కేటప్పుడు నడుము అంతగా కదలదు మరి.

ఇప్పటి పరిశోధక పరికరాలు సెకనుకు 30 సార్లో అంతకంటె ఎక్కువగానో కదలికను మూడు దిశలలో నమోదు చేసి, ఆ ముడి సమాచారాన్ని అలాగే దాచగలవు. గీటు మారినా పాత నమోదును మళ్లీ లెక్కించుకోవచ్చు. నిమిషాలుగా కూడి దాచిన 1990ల సమాచారానికి ఆ వీలు లేదు. దానిని తిరిగి సెకన్లుగా విడదీయడం ఎవరి తరమూ కాదు.